అమ్మ పాట మీద గేమ్ ఎక్కించిన విక్టరన్నకు

నిన్న పొద్దున మెట్రోలో ఉండగా ఫోన్ వచ్చింది. మా పెదనాన్న కొడుకు విక్టరన్న పోయాడట. హార్ట్ ఎటాక్. నాంపల్లిలో దిగాల్సినవాణ్ణి లక్డీకాపూల్ దాకా వెళ్లిపోయాను.

మధ్యాహ్నం ఫ్యామిలీ గ్రూప్ తెరిస్తే ఇంకో షాక్. అన్న “ఆబిడ్స్ గేమింగ్ లెజెండ్” అట!

లెజెండ్ లేదు, నా బొంద లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. అప్పట్లో ఇంటి కంప్యూటర్ అంటే టీవీకి తగిలించే ఒక కీబోర్డ్. గేములు టేప్ రికార్డర్ క్యాసెట్లలో ఉండేవి. ఐదు నిమిషాలు కీచుమని అరిస్తే గానీ ఆట మొదలయ్యేది కాదు.

అన్న ఆడే గేమ్‌లో ఒక బుల్లి మనిషి అరుగుల మీద గెంతుతూ, తాళంచెవులు ఏరుకుంటూ ఒక్కో గదీ దాటాలి. అన్ని గదులూ దాటింది తానొక్కడేనని అన్న చచ్చేదాకా కోతలు కోశాడు.

ఎన్నిసార్లు కిందపడ్డా బొమ్మ చావకుండా ముందే కోడ్ కొట్టుకునేవాడు. పక్కనే కూర్చుని చూశాను.

సరే, అది పోనీ.

ఆ గేమ్‌ని ఫ్రెండ్ దగ్గర కాపీ చేసుకోవడానికి క్యాసెట్ కావాల్సి వచ్చింది. మా ఇంట్లోంచి అమ్మ క్రిస్మస్‌కి చర్చిలో పాడిన సోలో క్యాసెట్ ఎత్తుకెళ్లాడు.

ఎవరూ చెరపకూడదని నాన్న దాని వెనకవైపు ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొట్టి ఉంచాడు. అవి లేకపోతే రికార్డ్ బటన్ పడదు. ఈ మహానుభావుడు ఆ కన్నాలకు ప్లాస్టర్ అంటించి మరీ రికార్డ్ చేశాడు!

అమ్మ అప్పుడు గొంతు ఆపరేషన్ అయి ఆస్పత్రిలో ఉంది.

నేను ఏడుస్తుంటే ఏమన్నాడో తెలుసా?

“గింత దానికి ఏడుస్తవేందిరా? చిన్నమ్మ ఇంటికొచ్చినంక మల్ల పాడ్తది తియ్.”

అమ్మ ఇంటికి వచ్చింది. పాడలేదు. మాట కూడా రాలేదు. ఈస్టర్‌కి ముందే పోయింది.

ఆమె గొంతు ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. నానమ్మ ఎలా పాడేదని నా పిల్లలు అడిగితే వినిపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

అన్న ఒక్కసారి కూడా సారీ చెప్పలేదు. పోయిన ఎండాకాలం మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తినిపిస్తూ, “ఇంకా గదే పట్టుకొని కూసున్నవా?” అన్నాడు. నేను ఆ ఐస్‌క్రీమ్ తిన్నాను కూడా. నాకూ సిగ్గులేదు.

రేపు చర్చిలో నాలుగు మంచి మాటలు చెప్పమని పాస్టర్‌గారు అడిగారు. పెట్టె మోస్తానన్నాను. మాటలు మాత్రం నా వల్ల కాదు.

వెళ్లిరా అన్నా. అక్కడ అమ్మ కనబడితే ముందు కాళ్లు పట్టుకో. నేనింకా క్షమించలేదు గానీ ఆమె క్షమిస్తుంది. అడిగితే నీకు పాడి వినిపిస్తుంది కూడా.

అది వింటూ ప్రశాంతంగా పడుకో.