గుటక వెయ్యని చదువు

ఆ రోజుల్లో నాకు ఒక్కచోట కూర్చోవడం చేతనయ్యేది కాదు. (ఇప్పుడు చేతనయిందని కాదు, ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోక కూర్చుంటున్నాను.) పొయ్యి మీద పాలు పొంగేదాకా ఆగలేక మూత తీసి తీసి చూసేదాన్ని. పరీక్ష రాసి వచ్చిన సాయంత్రమే ఫలితాలు ఎప్పుడొస్తాయని మా నాన్న ప్రాణం తీసేదాన్ని. జగ్గయ్యపేట బజారులో మాది కిరాణా కొట్టు. కొట్లో నేను నిలబడితే ధనియాల బస్తా దగ్గర నుంచి ఇంగువ డబ్బా దాకా, అక్కడ నుంచి బెల్లం బుట్ట దాకా తిరుగుతూనే ఉండేదాన్ని, దారిలో ప్రతిదీ వాసన చూస్తూ. మా నాయనమ్మ నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసి 'కాలుగాలిన పిల్లి' అని పిలిచేది, తొందరలో ఉంటే ఒట్టి 'పిల్లీ' అనేది. అలాంటి నేను ఏం చదువు చదివానయ్యా అంటే, తొట్టెలో రసం పోసి, అది పులిసి, తేరుకుని, ఒక దారికి వచ్చేదాకా నెలల తరబడి దాని మొహం చూస్తూ కూర్చునే చదువు. వైన్ తయారీ చదువు. నుదుటి రాత రాసేవాడికి కూడా వేళాకోళాలు ఉంటాయి కాబోలు.

నందిగామ కాలేజీలో డిగ్రీ చదువుతుండగా మా మైక్రోబయాలజీ మేడమ్ ఇడ్లీపిండి ఎందుకు పులుస్తుందో చెబుతూ, ఇదే సంగతి ద్రాక్షరసంలో జరిగితే వైన్ అవుతుందనీ, దాన్ని నేర్పడానికి నాసిక్‌లో చదువే ఉందనీ మాటవరసకు అంది. ఆవిడ మాటవరసకు అంది, నేను గంట కొట్టేలోపే నిశ్చయించుకున్నాను. ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా తొంగి చూడని ఇల్లు మాది. నా నిశ్చయం విని అమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. నాన్న మాత్రం వ్యాపారస్తుడు కనుక సరుకు కంటే ముందు చీటీ గురించి ఆలోచించాడు: ఊళ్ళో అడిగితే ఫుడ్ టెక్నాలజీ అని చెబుదామన్నాడు. కానీ మా ఇంట్లో ఆఖరి మాట నాయనమ్మది. ఆవిడ కేకలు వెయ్యలేదు. దేవుడి దగ్గర దీపం వెలిగించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఒట్టెయ్యి. చదువుకో, మార్కులు తెచ్చుకో, నేను కాదన్ను. అది మాత్రం ఒక్క చుక్క గుటక వెయ్యకూడదు. వేసావంటే నేను నీకు దక్కను."

ఆవిడ మాట పూర్తయ్యేలోపే నేను ఒట్టు వేసేసి బట్టలు సర్దుకోవడానికి లేచాను. దేనికి ఒట్టు వేశానో నాసిక్ వెళ్ళాక గానీ తెలియలేదు.

వైన్ చదువులో రుచి చూడడం ఒక పెద్ద పాఠం. గ్లాసు గుండ్రంగా తిప్పాలి, ముక్కు అందులో పెట్టి వాసన పీల్చాలి, ఒక గుక్క నోట్లోకి తీసుకుని, పెదవుల మధ్య నుంచి గాలి లాగుతూ గురగురలాడించాలి, నోరంతా తిప్పి, పక్కనున్న స్టీలు బకెట్లో ఉమ్మెయ్యాలి. ఉమ్మకుండా మింగుతూ పోతే మధ్యాహ్నానికి క్లాసు క్లాసంతా బల్లల కింద ఉంటుంది. అయినా అందరూ ఒకటో రెండో గుటకలు వేసేవాళ్ళు. నేను వెయ్యలేదు. గ్లాసు ఎత్తినప్పుడల్లా జగ్గయ్యపేటలో నాయనమ్మ పప్పు చెరుగుతూ చెరుగుతూ పక్కకి ఒరిగిపోతున్నట్టు కనిపించేది. అలా రెండేళ్ళు గడిచేసరికి నా గొంతు ఒక అలవాటు నేర్చుకుంది: ముక్కుతో పరీక్షగా వాసన చూసింది ఏదైనా సరే, లోపలికి పోనిచ్చేది కాదు. దానికి బదులు ఉమ్మడంలో నాకు గొప్ప ప్రావీణ్యం వచ్చింది. సన్నటి ధార, సూటిగా బకెట్ మధ్యలోకి, అంచు మీద ఒక్క చుక్క పడకుండా. మా మీసాల మాస్టారు కొత్తగా చేరినవాళ్ళకు నన్ను పిలిచి మరీ చూపించేవారు. ఒక్కచోటే ఇబ్బంది వచ్చేది. మంచి వైన్ సంగతి గొంతు దిగాక తెలుస్తుందట, దిగినదాని రుచి ఎంతసేపు నిలిచిందో చెప్పాలట. ఆ ప్రశ్న వచ్చినప్పుడు నేను పక్కమ్మాయి మొహం వంక చూసేదాన్ని.

చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. అర్జీలు పెట్టి ఇంటికొచ్చాను. ఊరికే ఉంటే ఇల్లు పీకి పందిరేస్తానని నాన్న నన్ను నందిగామలో ఒక ఇంటర్ కాలేజీ ల్యాబులో చేర్పించాడు. పొద్దున్నే బస్సెక్కి నందిగామ, సాయంత్రం బస్సెక్కి జగ్గయ్యపేట. ఆ బస్సులో నా అవస్థ ఆ కిటికీ ఊచలకే తెలుసు. ఫోన్ చేతిలోనే ఉండేది, మోగకపోయినా తీసి చూసేదాన్ని, సిగ్నల్ లేదేమోనని పక్కావిడ ఫోన్ కూడా చూసేదాన్ని. కూర్చోలేక నిలబడేదాన్ని, నిలబడలేక కూర్చునేదాన్ని. చివరికి ఒకరోజు కండక్టరు, "అమ్మా, మీరు ఏదో ఒకటి తేల్చుకోండి, ఆ సీటు ఇంకొకళ్ళకిస్తా" అన్నాడు. పొలాల్లో మిరప నారు వేశారు, నాట్లు వేశారు, మొక్కలు నడుం ఎత్తు వచ్చాయి. నా ఫోన్ మాత్రం మోగలేదు.

మోగిన రోజు నేను ల్యాబులో పిల్లలకు పిపెట్ పట్టుకోవడం చూపిస్తున్నాను. నాసిక్ దగ్గర ఒక వైనరీ వాళ్ళు. ద్రాక్ష కోతలు దగ్గరపడుతున్నాయి, ఒకే ఒక ఖాళీ ఉంది, శనివారం వచ్చి రుచి పరీక్షలో కూర్చోమన్నారు. ఆ రోజు రాకపోతే ఇంకొకళ్ళను తీసుకుంటామని కూడా మర్యాదగానే చెప్పారు. షిర్డీ నుంచి నాసిక్ దగ్గరేనని నాన్న విజయవాడ నుంచి షిర్డీ వెళ్ళే రైలుకు టికెట్ తీశాడు. (కొట్టుకొచ్చినవాళ్ళతో అమ్మాయి షిర్డీకే వెళ్తోందని చెప్పాడు. ఇద్దరు ముగ్గురు విభూతి తెమ్మన్నారు.) నాయనమ్మ ఔననలేదు, కాదనలేదు. ప్రయాణం రోజు పొద్దున, రామాలయంలో తీర్థం పుచ్చుకుని అటునుంచి అటే బస్సెక్కమంది. నేను బ్యాగు భుజాన వేసుకునే నాయనమ్మ వెంట గుడికి వెళ్ళాను. మధ్యాహ్నం రైలు, మధ్యలో నందిగామ, కంచికచర్ల, ప్రతిచోటా ఆగే బస్సు. నా కాళ్ళు గుళ్ళో ఉన్నాయి, మనసు అప్పటికే కంచికచర్ల దాటింది.

దణ్ణం పెట్టుకున్నాం, శఠగోపం పెట్టించుకున్నాం. పూజారిగారు ఉద్ధరిణితో నా అరచేతిలో తీర్థం పోశారు. పరీక్ష గురించే ఆలోచిస్తున్నానేమో, చెయ్యి ముక్కు దగ్గరకు పోయింది. పచ్చకర్పూరం, దాని వెనక ఏలకులు, అడుగున తులసి. నోట్లో పోసుకున్నాను. పెదవుల మధ్య నుంచి గాలి లాగి గురగురలాడించాను. అప్పుడు స్తంభం పక్కన కనిపించింది, మండపం కడగడానికి పెట్టుకున్న స్టీలు బకెట్. మిగతాది నేను చెయ్యలేదు, రెండేళ్ళ చదువు చేసింది. సన్నటి ధార, సూటిగా బకెట్ మధ్యలోకి, అంచు మీద ఒక్క చుక్క పడకుండా. అంతటితో ఆగినా బాగుండేది. మాస్టారు ఎదురుగా ఉన్నట్టు, "కర్పూరం కాస్త ఎక్కువైంది" అని తీర్పు కూడా చెప్పాను.

గంట కొట్టబోతున్న ఆయన గంట వదిలేశాడు. పూజారిగారు నన్ను చూశారు, బకెట్ చూశారు, మళ్ళీ నన్ను చూశారు. నాయనమ్మ నా భుజాన ఉన్న బ్యాగు తీసి కింద పెట్టింది. ప్రయాణం ఆగిపోయిందన్న సంగతి దాంతోనే అర్థమైంది. కాసేపటికి పూజారిగారే తేరుకుని, తెలిసి చేసింది కాదు కదా, బావి దగ్గర నాలుగు చెంబులు నెత్తిన పోసుకుని ప్రదక్షిణలు చేస్తే సరిపోతుందని దారి చూపించారు. పోసుకున్నాను. తడి బట్టలతో ప్రదక్షిణలు మొదలుపెట్టాను. బయట రోడ్డు మీద బస్సు హారన్ వినపడగానే నడక కాస్తా పరుగైంది. వెనక నుంచి నాయనమ్మ గొంతు వచ్చింది, ప్రదక్షిణమంటే నిండు చూలాలు నెత్తిన నూనెకుండ పెట్టుకుని నడిచినట్టు నడవాలని. నేను చూలాలిని కాను, నెత్తిన కుండా లేదు, అవతల బస్సు పోతోంది. అయినా నడిచాను. ఒక్కో అడుగూ వేస్తుంటే ఏడుపొచ్చింది. తప్పు చేశానని కాదు, ఆ ఉద్యోగం ఇంకొకళ్ళకు పోతోందని. గుళ్ళో నిలబడి అలా అనుకున్నందుకు మళ్ళీ భయం వేసింది.

నాయనమ్మ నా పక్కనే నడవడం మొదలుపెట్టింది. గుడి వెనక, ఎవరూ లేనిచోట అడిగింది, "ఎందుకు ఉమ్మావే?"

చెప్పాను. వాసన చూసిన ఏదీ నా గొంతు దిగదని, దిగితే నువ్వు నాకు దక్కవని, రెండేళ్ళుగా అదే భయమని, ఇప్పుడది అలవాటై కూర్చుందని. నేను ఏడుస్తూ చెప్పడం వల్ల సగం మాటలు ఆవిడకు అర్థం కాలేదనుకుంటాను. కావలసిన సగం అర్థమైంది. ఆగిపోయింది.

"రెండేళ్ళూ? ఒక్క చుక్క కూడా?"

"నీ నెత్తి మీదే కదా ఒట్టేసా."

నేను ఆ ఒట్టు మొదటి నెలలోనే గట్టున పెట్టి ఉంటాననీ, అయినా తను ఏ రోగం రొష్టు లేకుండా తిరుగుతోంది కనుక ఒట్లూ గిట్లూ ఒట్టి మాటలేననీ ఆవిడ అప్పటికే నిర్ణయించేసుకుందట. ఆ సంగతి తర్వాత అమ్మ చెప్పింది. అప్పుడు మాత్రం నాయనమ్మ చెంగుతో నా తల తుడిచి, చెయ్యి పట్టుకుని పూజారిగారి దగ్గరకు తీసుకెళ్ళింది.

"అయ్యగారూ, దీనికి మళ్ళీ తీర్థం ఇవ్వండి. దేవుడి తీర్థమే గొంతు దిగనివ్వని పిల్ల, ఇంక ఆ పాడునీళ్ళేం దిగనిస్తుంది? పోనీండి, పోయి ఉద్యోగం చేసుకోనీండి."

ఆయన ఇచ్చారు. గుళ్ళో ఉన్నవాళ్ళందరూ నా గొంతు వంక చూస్తుండగా, నేను ఊపిరి బిగబట్టి, వాసన తగలకుండా, పొలమారుతూ మింగాను. కబురందుకుని వచ్చిన నాన్న స్కూటరు మీద నన్ను నందిగామ దాకా తీసుకెళ్ళి, ముందు పోయిన బస్సును అక్కడ బస్టాండులో పట్టించాడు. తడి జడతో రైలెక్కాను. బోగీనిండా షిర్డీ భక్తులు, నన్ను చూసి ఎంత మడి కట్టుకుని వస్తోందో అని జరిగి చోటిచ్చారు.

శనివారం పరీక్షలో వరుసగా గ్లాసులు పెట్టారు. అన్నీ చెప్పాను. చివర ఒక పెద్దాయన, అక్కడ వైన్ చేసేవాళ్ళందరికీ పైవాడు, ఇది గొంతు దిగాక ఎంతసేపు నిలిచిందని అడిగాడు. పక్కన చూడడానికి పక్కమ్మాయి లేదు. తెలియదండి, మా నాయనమ్మకు ఒట్టేశానండి, అన్నాను నాకొచ్చిన హిందీలో. ఆయన మొదట నవ్వాడు, తర్వాత గుడి సంగతి అంతా చెప్పించుకుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మింగేవాళ్ళు మా దగ్గర కావలసినంతమంది ఉన్నారు, సోమవారం వచ్చి చేరమన్నాడు.

నా చేత్తో చేసిన మొదటి వైన్ సీసా ఇంటికి తెచ్చాను. నాయనమ్మ గడప దాటనివ్వలేదు, పెరట్లో పిట్టగోడ మీద పెట్టించింది. మధ్యాహ్నం చూస్తే ఆవిడే అక్కడ నిలబడి, చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ చెంగు కొంచెం పక్కకి జరిపి వాసన చూస్తోంది. నేరేడుపళ్ళు మాగేసినట్టుందే అంది. (మా పెద్దాయన కూడా నేరేడు అనే అన్నాడు.) అదే అదను అనుకుని, ఇంక ఆ ఒట్టు తీసి గట్టున పెట్టవే నాయనమ్మా, నేను చేసింది నేనే ఎరగకపోతే ఎలా అని బతిమాలాను. ఆవిడ ఆలోచించి, "నేనుండగా వద్దులే పిల్లీ. నేను పోయాక నీ ఇష్టం" అంది.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. నా ఇష్టమే, అడిగేవాళ్ళు లేరు. కోతల తర్వాత ప్రతి ఏడూ, ఈసారి చూద్దామని గ్లాసు ఎత్తుతాను, వాసన చూస్తాను, ఒక గుక్క తీసుకుంటాను. గొంతు దిగదు. ఇప్పుడు ఎవరు దక్కకుండా పోతారని భయమో నాకే తెలియదు. బకెట్ వంక తిరుగుతాను. నా కింద పనిచేసే పిల్లలు ఆ ధారను చూసి ముచ్చటపడతారు.

మొన్న జగ్గయ్యపేట వెళ్ళినప్పుడు రామాలయానికి వెళ్ళాను. ఆ పూజారిగారే, మనిషి బాగా వంగిపోయారు. నా చేతిలో తీర్థం పోసి, పక్కవాళ్ళకు పొయ్యకుండా ఉద్ధరిణి అలాగే పట్టుకుని నా మొహం వంక చూస్తూ నిలబడ్డారు.

"ఇది మింగేదమ్మా," అన్నారు నెమ్మదిగా.

ముందుగా వాసన చూశాను, చూసి మరీ మింగాను. దిగింది. కర్పూరం చల్లగా గొంతులోనే ఉండిపోయింది, దాని వెనక తులసి. ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని, కాలుగాలిన పిల్లిని, అడుగు తీసి అడుగు వెయ్యకుండా అక్కడే నిలబడ్డాను. ఇంకా ఉంది, ఇంకా ఉంది అనుకుంటుండగానే వెనక వరుసలో ఎవరో, "కాస్త కదలండమ్మా" అన్నారు.