రాహేలు తాళంచెవి, కట్టయ్య గంజి

"కూసోకు! ఆగు టీచరమ్మా, ఆ మంచం మీద కూసోకు!"

సావిత్రి సగం వంగి అట్లాగే ఆగిపోయింది. నులక మంచం మీద మడతపెట్టిన బొంత తప్ప ఇంకేమీ కనిపించలేదు. రాహేలు రాట్నం వదిలి, మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి, బొంత ఎత్తి చూసింది. అరచేత్తో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తడిమింది. తృప్తిపడి మళ్లీ పరిచింది.

"ఇగ కూసో."

"బొంత కింద ఏమున్నది పెద్దమ్మా?"

"ఏం లేదు."

"మరి?"

"ఏం లేదని చూసుకున్న. ఏడేండ్ల సంది నాకిదే అలవాటు. ఎవలు కూసున్నా ముందు నేను తడమాలె."

సావిత్రి ములుగు నుంచి బదిలీ మీద వచ్చి కాశిబుగ్గలో అద్దెకు దిగి మూడు నెలలైంది. రాహేలు ఇంటికి ఎదురు గదే ఆమెది. ఆ రోజు ఆమె ఒక పని మీద వచ్చింది. డిసెంబరులో రాహేలు చేసే రంగురంగుల దారపు గుండ్ల గురించి వీధిలో అందరూ చెప్పగా విన్నది. లోపల ఏమీ ఉండదట, పట్టుకుంటే పిట్ట ఈక బరువైనా ఉండదట, క్రిస్మస్ చెట్టుకు కడితే గాలికి తిరుగుతూ ఉంటాయట. బడిలో ఆడపిల్లలకు నేర్పాలని ఆమె కోరిక.

"నేర్పుత," అన్నది రాహేలు, మళ్లీ రాట్నం ముందు కూర్చుని. "కానీ ముందుగాల కథ ఇనాలె. ఇనకుండ చేసినోళ్లయి గుండ్లు కావు, సొరకాయలైతయ్."

రాట్నం తిరుగుతూనే ఉంది. కండె మీద నీలం నూలు చుట్టుకుంటూనే ఉంది. అట్లా చుట్టుకుంటూనే కథ బయటికి వచ్చింది.

రాహేలు పుట్టింది కేసముద్రం దగ్గర పల్లెలో. పెళ్లై కాశిబుగ్గకు వచ్చిన ఆరో ఏట భర్త సుందర్ రావు జ్వరంతో పోయాడు. పొద్దున చర్చి ఊడ్చి గంట కొట్టడం, పగలంతా పక్కింటి కట్టయ్య మగ్గానికి కండెలు చుట్టడం, ఈ రెండు పనులతోనే ఆమె బతుకు గడిచింది. ఆ చర్చిలో ఒక దొరసాని ఉండేది. తన దేశానికి తిరిగిపోయేటప్పుడు ఒక చెక్కపెట్టెను రాహేలు ముందు పెట్టింది. అందులో దూది మధ్య ఇరవై నాలుగు గాజు గుండ్లు. సబ్బు బుడగ గట్టిపడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేవి. దొరసాని తాళంచెవిని రాహేలు అరచేతిలో పెట్టి, తనకు వచ్చిన తెలుగంతా కూడదీసుకుని, "రాహేలు, ఇది పగలకూడదు. నువ్వు మంచి," అన్నది.

ఆ మాట రాహేలు పదకొండేళ్లు కొంగున ముడేసుకుని తిరిగింది. మాటతో పాటు తాళంచెవిని కూడా. సంఘంలో ఆమెకు వేరే హోదా లేదు. కమిటీలో పేరు లేదు, పాటల బృందంలో చోటు లేదు. కానీ డిసెంబరు వచ్చిందంటే, "పెట్టె ఎప్పుడు తీస్తవ్ రాహేలూ?" అని పెద్దపెద్దవాళ్లు వచ్చి అడిగేవారు.

ఒక్క జయరాజుకే అది నచ్చేది కాదు. ఆయన సంఘ పెద్ద, కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. "సంఘపు సొత్తు ఊడ్చే మనిషి కొంగుల ఉండుడు పద్ధతి కాదు. ఒక్కటి పగిలినా తాళంచెవి నా చేతికి రావాలె," అని ప్రతి ఏడూ అనేవాడు. ప్రతి ఏడూ రాహేలు ఇరవై నాలుగు లెక్క చూపించేది. ఆయన నోరు మూసుకునేవాడు.

డెబ్బై ఏడులో, డిసెంబరు రెండో వారంలో, రాహేలు గుండ్లన్నీ కడిగింది. వాకిట్లో మంచం మీద పాత చీర పరిచి, వాటిని ఎండకు ఆరబెట్టింది. కాకులు మెరిసే వస్తువును వదలవు కదా అని పైన బొంత కప్పింది. దూది మార్చాలని ఇంట్లోకి వెళ్లింది.

అప్పుడే కట్టయ్య పెళ్లాం మొగిలమ్మ వచ్చింది. మొగిలమ్మ నిండైన మనిషి. తన ఆడబిడ్డ చేసిన ఘనకార్యం ఒకటి పొద్దుటి నుంచి కడుపులో పెట్టుకుని, వినే చెవి దొరక్క సతమతమవుతూ ఉంది. "రాహేలక్కా, ఇన్నవా?" అంటూ వచ్చి, దబ్బున మంచం మీద కూర్చుంది.

చప్పుడు వినిపించింది.

మొగిలమ్మ అటు ఇటు చూసి, "ఓ అక్కా, మంచంల అప్పడాలు ఎండబోసినవా ఏంది?" అని అడిగింది.

ఇంకా ఏమైందోనని సరిచూసుకోవడానికి కొంచెం జరిగింది. మిగిలినవి కూడా అప్పుడే పోయాయి.

బొంత మందం వల్ల మొగిలమ్మకు గీతైనా పడలేదు. ఇరవై నాలుగింటిలో ఒకే ఒక్క చిన్న నీలం గుండు, మంచం మూలన, ఏమీ ఎరగనట్టు మెరుస్తూ ఉండిపోయింది. రాహేలు ఏడవలేదు. చాటలోకి గాజుముక్కలు ఎత్తుకుంటూ, "తాళంచెవి పోయింది మొగిలీ. దొరసాని మాట పోయింది," అని మాత్రం అన్నది.

మొగిలమ్మ ఆడబిడ్డ సంగతి మొత్తం మరిచిపోయింది. ఇంటికి ఉరికి, గుంట మగ్గంలో కూర్చున్న మొగుణ్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

కట్టయ్య తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడితే గంజి గురించి మాట్లాడతాడు. కాశిబుగ్గలో తన గంజి లాంటి గంజి లేదని ఆయన నమ్మకం. గంజి పెట్టి ఆరబెట్టిన నూలును వేళ్ల మధ్య పట్టుకుని, పక్క మగ్గాలవాళ్లకు వినిపించేలా "ఆఁ" అనుకునేవాడు. ఆయన నీలం గుండును ఎత్తి ఎండకు పట్టి చూశాడు.

"దారంతోని చేద్దాం చెల్లే," అన్నాడు.

"దారం గుండెట్ల అయితది అన్నా?"

"నారింజకాయకు చుట్టి గంజి పెట్టాలె. ఆరుతది."

"ఆరినంక లోపలి నారింజకాయ ఎట్ల తీస్తవ్?" అన్నది మొగిలమ్మ.

కట్టయ్య నీలం గుండును అటు ఇటు తిప్పాడు. "కోసి తీద్దాం."

"కోస్తే ఇగ గుండెక్కడిది? నారింజ తొక్కలు కడ్తరా చెట్టుకు?"

అప్పుడే వీధిలో రబ్బరు బుగ్గలమ్మేవాడు ఊదే పీక వినిపించింది. ముగ్గురూ ఒకేసారి తలెత్తారు. బుగ్గ ఊదితే గుండ్రంగా ఉంటుంది, పొడిస్తే ఉండదు. మొగిలమ్మ అప్పటికే వాకిలి దాటింది.

నాలుగు రోజులు కట్టయ్య ఇంట్లో మగ్గం నడవలేదు. మిగిలిపోయిన నూలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అంతా గంజి కుండలో ముంచి, ఊదిన బుగ్గల చుట్టూ అడ్డదిడ్డంగా చుట్టారు. మగ్గం దూలాలకు వేలాడదీస్తే ఇల్లంతా ఏదో వింత తోటకు కాపు వచ్చినట్టు ఉండేది. ఆరినవాటిని పొడిచే పని మొగిలమ్మది. కళ్లు గట్టిగా మూసుకుని, పిన్నీసుతో పొడిచి, "యమ్మా!" అని అరిచేది. ఠప్పుమనగానే లోపలి రబ్బరు ముక్క రాలేది, గుండు నిలబడేది. కట్టయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని, "సూసినవా? గంజి!" అనేవాడు. అట్లా ఇరవై మూడుసార్లు అరుపు, ఇరవై మూడుసార్లు "గంజి".

ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం, దొరసాని నాటించిన సరుగుడు చెట్టు కొమ్మను చర్చిలో నిలబెట్టి, రాహేలు గుండ్లన్నీ కట్టింది. పైన నీలం గాజుది. చర్చి ఊడ్చిన ఇన్నేళ్లలో అంత అందంగా ఆమె ఏ చెట్టునూ చూడలేదు. జయరాజు చేతులు వెనక్కు కట్టుకుని వచ్చాడు.

"గాజువి ఏవి?"

రాహేలు చర్చిలో అబద్ధం ఆడదు. "పెట్టెల ఉన్నయ్ సార్," అన్నది. ఉన్నాయి కూడా. ఒక్క ముక్క కూడా పారేయకుండా దూదిలో చుట్టి పెట్టింది.

జయరాజు ఒక ఎర్ర గుండును వేలితో తిప్పి చూశాడు. "ఇవి కూడ మంచిగనే ఉన్నయ్," అని ఒప్పుకున్నాడు. "రేపు ఆరాధనైనంక పెట్టె జర తెరువు. లెక్క సూడాలె."

రాహేలు చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. అయినా సంఘమంతా కొత్త గుండ్లు చూసి మురిసిపోతే, పాతవాటి సంగతి అప్పుడు మెల్లగా చెప్పుకోవచ్చు అనుకుంది. కట్టయ్యనూ మొగిలమ్మనూ, "రేపు మీరూ రావాలె, మీ చేతి పనే కద," అని పిలిచింది.

తెల్లారి పొగమంచు. చర్చి కిటికీలు తెరిచే ఉన్నాయి. మంచు నిదానంగా లోపలికి వచ్చి, అందరితో పాటు కూర్చుంది. వెనుక వరసలో కట్టయ్య, తలకు కొత్త తువ్వాల చుట్టుకుని కూర్చున్నాడు. "నోరు తెర్వకు," అని మొగిలమ్మ ముందే చెప్పి తీసుకొచ్చింది. జయరాజు ముందు వరసలో, చెట్టు పక్కనే తన మామూలు చోట్లో కూర్చున్నాడు.

మొదటి పాట అయ్యేసరికి గుండ్లు నిమ్మకాయల్లా సాగాయి. రాహేలు కళ్లు నలుపుకుంది. వాక్యం చదివేసరికి వంకాయలయ్యాయి. తర్వాత అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అయ్యగారి ప్రార్థన చిన్నదేమీ కాదు. ఊళ్లో ఉన్న రోగులందరూ, పరీక్షలు రాసేవాళ్లందరూ, పట్నం పోయినవాళ్లందరూ అందులోకి వస్తారు. సంఘమంతా "ఆమెన్" అని కళ్లు తెరిచేసరికి చెట్టు నిండా పొట్లకాయలు, సొరకాయలు, దోసకాయలు. అంగట్లో కూరగాయల దుకాణం తెచ్చి సరుగుడు కొమ్మకు వేలాడదీసినట్టుంది.

అన్నిటికన్నా కిందిది ఎర్రది. అది సాగి సాగి జయరాజు బట్టతల మీదికి దిగింది. ఆయన ఈగ అనుకుని ఒకటి కొట్టుకున్నాడు. అది పక్కకు జారి చెవికి తగులుకుంది. మళ్లీ కొట్టుకున్నాడు. ఈసారి దారం తెగి, ఎర్ర గుండు కమ్మలా చెవికే ఉండిపోయింది. పాటల బృందంలో ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరు ఎవర్ని ఆపుతారు?

కట్టయ్య అప్పటిదాకా ఓర్చుకున్నాడు. నలుగురి ముందు తన గంజి అట్లా జారిపోవడం చూసి ఇంక ఓర్చుకోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ! గంజి తప్పు కాదు! నూనె తప్పు!"

చర్చి మొత్తం వెనక్కు తిరిగింది. మొగిలమ్మ ఆయన అంగీ పట్టుకుని కిందికి గుంజింది. ఆయన కూర్చోలేదు.

"మగ్గం మీద దారం ఒంగాలె, తెగొద్దు. గందుకే గంజిల చారెడు నూనె పోస్తం. ముప్పై ఏండ్ల సంది పోస్తాన్న. ఈ గుండ్లకు నూనె పోయొద్దని నాకెర్కే. నేను పోయలే అయ్యగారూ, నా చెయ్యి పోసింది!"

అయ్యగారు కళ్లజోడు సవరించుకున్నారు. "అసలు ఈ గుండ్లెందుకు చేసినవయ్యా?"

కట్టయ్య పెళ్లాం వైపు చూశాడు. మొగిలమ్మ చెంగుతో మొహం తుడుచుకుని లేచింది. "నేను కూసున్న అయ్యగారూ."

"ఎక్కడమ్మా?"

"దొరసాని గాజు గుండ్ల మీద. అన్నిటి మీద."

అయ్యగారు బైబిలుతో మొహం కప్పుకున్నారు. భుజాలు మాత్రం ఊగుతూ కనిపించాయి. నవ్వు గోడలకు తగిలి తిరిగి వస్తోంది. అంతమందిలో రాహేలు ఒక్కతే నవ్వలేదు. కొంగు ముడి విప్పింది. పదకొండేళ్ల ముడి, గోళ్లతో లాగితే గానీ రాలేదు. నడిచి వెళ్లి, చెవికి ఎర్ర కమ్మతో కూర్చున్న జయరాజు చేతిలో తాళంచెవి పెట్టింది. ఆయన కూడా నవ్వలేదు. చెయ్యి చాచి తీసుకున్నాడు.

"పదకొండు నెలలు," అన్నది రాహేలు సావిత్రితో. రాట్నం ఆగింది. "గంట కొట్టంగ, అన్నం తినంగ, నిద్రల గూడ చెయ్యి కొంగుకే పోయేది. ముడి లేదు. కొంగు తేలికైతే మనిషికి గింత బరువుంటదని నాకు తెల్వకపాయె. కట్టయ్య అన్న నాకు మొహం సూపియ్యలే. కండెలు గడప మీద పెట్టిపోయేటిదాన్ని."

"మరి తాళంచెవి మళ్లీ ఎట్లా వచ్చింది?"

మరుసటి డిసెంబరులో ఒక సాయంత్రం జయరాజు స్వయంగా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమంటే మంచం వైపు అనుమానంగా చూసి, నిలబడే మాట్లాడాడు. ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో బుగ్గల పొట్లం.

"మా ఇంటామె మరియమ్మ మైదాపిండి గంజితోని గుండ్లు చేసింది," అన్నాడు, గోడ మీది బల్లితో చెబుతున్నట్టు. "మంచిగ గట్టిగైనయ్. ఎలుకలు తిన్నయ్. మళ్ల చేసింది. మళ్ల తిన్నయ్. ఎలుకలకు మా ఇంట్ల పండుగైతాంది." పొట్లం గడప మీద పెట్టాడు. "పోయినేడు ఆ చెట్టును సూసి అందరు నవ్వుకున్నరు రాహేలూ. ఈ ఏడు అడుగుతాన్రు, మళ్ల ఆ దారపు గుండ్లు కడ్తరా అని. ఇగో, నీది నువ్వు పట్టు. కానీ నూనె..."

"పోయం సార్."

"ఆ కట్టయ్య చేతికి చెప్పు."

ఆ సాయంత్రమే రాహేలు పక్కింటికి వెళ్లి, కొంగు ముడి చూపించింది. కట్టయ్య గంజి కుండ కడగడానికి లేచాడు.

సావిత్రి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "అయితే ఆ తర్వాత ఎప్పుడూ సాగలేదన్న మాట."

"ఎట్ల సాగుతయ్? ప్రతి ఏడు కుండకాడ మొగిలి కావలి ఉండేది. ఈ ఏడు దానికి కండ్లు సరిగ్గ ఆనుతలెవ్వు. పొయ్యి మీద ఏముందో, ఆయన చేతుల ఏముందో దానికి అవుపడ్తలేదు." రాహేలు కొంగు ముడిని ఒకసారి తడుముకుని, గొంతు తగ్గించింది. "అన్న పొద్దున్నే గంజి పొయ్యి మీద పెట్టిండు. ముసలి చెయ్యి, అలవాటు పోలేదు. నువ్వు గుండ్లు నేర్సుకుంటనంటివి కద, ఇదే మొదటి పాఠం. గిప్పుడే పో బిడ్డా. గంజి ఎట్ల కాస్తవ్ తాతా అని అడుగు, ఇగ చెప్తనే ఉంటడు. ఆ చెప్పుట్ల పడ్డప్పుడు, పొయ్యి పక్కన నూనె సీస ఉంటది, మెల్లగ పట్టుకరా. ఎందుకే అంటే తలకు పెట్టుకుంటనని చెప్పు."

సావిత్రి చెప్పులు వేసుకుంది.

"ఒక సీస దొరకంగనే ఉరికిరాకు! మగ్గం గుంటల, పాత అచ్చుల ఎనుక ఇంకోటి దాసిపెడ్తడు. అది గూడ తే!"