కోడి పడే చోటు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. మారతహళ్ళి వెనక ఒక లేఅవుటుకు మంచినీళ్ళ పంప్‌హౌస్ కట్టడానికి బ్యాంకు అప్పు ఇవ్వాలి. రిటైరయ్యాక కన్సల్టెంటుగా ఉన్న నాకు అప్రైజల్ అప్పగించారు. కట్టేది నిలుస్తుందా, ఇచ్చింది తిరిగొస్తుందా అని ముందే చూసి చెప్పే పని అది. నా సంతకం లేనిదే బెంగళూరులో నీటిబొట్టు కదిలేది కాదు. సరే, అంత లేదు. నా పైన ఇంకో ముగ్గురు సంతకాలు పెట్టేవారు.

స్థలం రెండు అపార్టుమెంట్ల మధ్య పల్లంలో చవగ్గా దొరికింది. ప్లానులో సంపు పక్కనే, నేలమట్టానికి కింద, ఆపరేటరుకు ఒక గది. ఆ ఉద్యోగమూ ఆ గదీ మునిరాజు అనే కుర్రాడికి ఖాయమయ్యాయి. కట్టడం పూర్తయితే భార్యతో, నెలల బిడ్డతో అక్కడే కాపురం.

మట్టి పరీక్షకు తవ్విన గోతిలోకి మిట్టమధ్యాహ్నం దిగాను. వాన పడి నెలలైనా కాళ్ళకు చల్లగా తగిలింది. అడుగున నత్తగుల్లలు. రింగ్ రోడ్డు హారన్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. మట్టిగోడ వెనక ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు చప్పుడు. నింపాదిగా పైకొచ్చానని అందరికీ చెప్పాను. నిజానికి ఒక చెప్పు లోపలే వదిలేసి ఎగబాకాను.

పైన మునిరాజు తల్లి మునెమ్మ నిలబడి ఉంది. నా వట్టి పాదం కేసి చూసింది.

"ఈడ కోడి ఉండాదప్పా. కోడి పడితే ఎవురూ నిలవరు. మా మామని ఎత్తకపాయ. చెప్పొకటే దొరికె."

"నాటుకోడా, ఫారందా?" అన్నాను, మట్టి దులుపుకుంటూ.

ఆమె నవ్వలేదు. కొడుక్కి పని కావాలి, కానీ ఆ గదిలో పసిబిడ్డను మాత్రం పడుకోబెట్టనని చెప్పింది. దెయ్యాల భయం అనుకున్నాను. అంతా బాగుందని రిపోర్టు రాసేశాను.

మర్నాడు బ్యాంకులో భోజనాల దగ్గర ఆ కోడిని దున్నపోతంత చేసి, కళ్ళు ఎర్రగా దిద్ది మరీ వర్ణించాను. అందరూ నవ్వారు, కన్నడవాడైన శివణ్ణ తప్ప.

"సార్, అది పక్షి కాదు. కెరె, అదే చెరువు, నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటును మేము కోడి అంటాం."

మా వైపు అలుగు అంటామే, అదీ. చెరువు ఎప్పుడో అపార్టుమెంట్ల కిందికి పోయింది. దాని పొర్లు దారిలో నేను పసిబిడ్డకు గది కట్టిస్తున్నాను. కంచం వదిలి లేచాను.

రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. పంప్‌హౌస్ ఎగువ రోడ్డు మీదికి జరగాలి, పల్లాన్ని కాలువగా వదలాలి, ఆ ఖర్చు కూడా అప్పులోనే కలపాలి అని షరతు పెట్టాను. పని నెలల తరబడి వెనకపడింది. కోడికి జడిసిన ముసలాయన నా ఉద్యోగం ఆపించాడని మునిరాజు ఊరంతా చెప్పుకున్నాడు.

మొదటి పెద్ద వాన వెలిసిన సాయంత్రం నేనూ మునెమ్మా ఎగువ రోడ్డు మీద నిలబడ్డాం. ఆకాశం తేటగా ఉంది. నీళ్ళు అప్పుడొచ్చాయి, అపార్టుమెంట్ల సందులోంచి, చప్పుడు లేకుండా. గది ఉండాల్సిన చోట సుడి నెమ్మదిగా తిరుగుతోంది. బిడ్డ ఆమె భుజాన నిద్రపోతోంది.

"వచ్చె చూడప్పా," అంది, బిడ్డ లేవకుండా.

తెలియని కన్నడ మాటైతే అర్థం అడిగేవాణ్ణే. తెలుగులా వినబడింది కాబట్టి అడగలేదు. ఇప్పుడు ఏ సైటుకు వెళ్ళినా నాకు బాగా తెలిసిన మాటకే ముందు అర్థం అడుగుతున్నాను. ముసలాడికి చాదస్తం అని నవ్వుతారు. నవ్వనీ.