బాపు మెదడులోని నలుపు

ఠాణే దగ్గర నార్పోలిలోని మగ్గాల షెడ్డులో మా బాపు ముప్పై ఏళ్లు పనిచేశాడు. పోగు తెగితే మగ్గం ఆపి, రెండు వేళ్లతో ముడి వేసి మళ్లీ నడిపించేవాడు. రెప్పపాటు పని. మూడేళ్ల కిందట ఆ ముడి పడడం మానేసింది. కుడిచెయ్యి వణికేది, నడక తడబడేది, మాట గొణుగుడైంది. తాగి వస్తున్నాడని షెడ్డు యజమాని సేఠ్ పనిలోంచి తీసేశాడు. నేనూ అదే అనుకున్నాను. ఆయన ఇంటికి రాగానే దగ్గరికి వెళ్లి వాసన చూసేదాన్ని. వాసన ఉండేది కాదు. అయినా నమ్మలేదు.

గల్లీ డాక్టరు ఏడాదిపాటు నరాల బలహీనత అంటూ బిళ్లలిచ్చాడు. చివరికి ఠాణేలో నరాల డాక్టరు అది పార్కిన్సన్స్ అని తేల్చాడు. ఆయన హిందీలో చెప్పింది నేను పక్కనే కూర్చున్న అమ్మకూ బాపుకూ తెలుగులో చెప్పాను. కదలికలను నడిపే కొన్ని మెదడు కణాల్లో నల్లటి రంగు పదార్థం ఉంటుందట. వయసుతోపాటు పేరుకుంటూనే ఉంటుంది, కణం దాన్ని బయటికి పారేయలేదు. మరీ ఎక్కువైతే కణం ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుందని కొందరు పరిశోధకుల అనుమానం.

"మగ్గం నూనెల చేతులు పెట్టి పెట్టి గదే తలకెక్కిందేమో" అంది అమ్మ.

"కాదమ్మా, గది అందరికుంటది. నాకు గూడ ఉంటది."

"అందరికుంటే గీనకే ఎందుకైంది? అడుగు."

అడిగాను. కచ్చితంగా ఎవరికీ తెలియదన్నాడు డాక్టరు.

"గా నలుపు తీసెయ్యరాదా?" అన్నాడు బాపు.

దానికింకా మందు లేదట. ఎలుకల మెదడులో మామూలుగా ఆ రంగు పేరుకోదు కాబట్టి పరిశోధన కూడా కష్టమేనట. నాకు ఒళ్లు మండింది. ఎవరిమీద మండాలో తెలియలేదు.

ఇది తాగుడు కాదని చూపించడానికి, ఆ రంగును చూపించే స్కాను ఫిల్ము తీసుకుని, బాపుతో కలిసి సేఠ్ దగ్గరికి వెళ్లాను. ఆయనదీ మా కరీంనగర్ వైపే. నేను డాక్టరు చెప్పిందంతా చెబితే, ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు.

"ఇండ్ల నాకేం కనవడ్తలేదు బిడ్డా."

"రంగున్న కణాలు సచ్చిపోయినయి సేఠ్. అందుకే కనవడ్తలేదు."

"ఎక్కువైతే జబ్బంటివి, గిప్పుడు తక్కువైందంటున్నవ్. ఏదన్న ఒక్కటి చెప్పు."

మూడుసార్లు చెప్పాను. చివరికి ఆయన, "తాగుడైనా జబ్బైనా బట్ట ఖరాబే గద" అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ బాపు, "పోదాం పా బిడ్డా" అన్నాడు.

ధామన్కర్ నాకా చౌరస్తా దాటుతుంటే నడిరోడ్డు మీద బాపు పాదాలు అతుక్కుపోయాయి. తాగావా అంటూ "దారూ పియా క్యా?" అని అరిచాడు ఆటోవాడు. వాడిని తిట్టి, బాపును చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాను.

"నేను గూడ గట్లనే అనుకున్న బాపు" అన్నాను.

"ఎరుకే" అన్నాడు.

ఇప్పుడు బిళ్ల వేసుకున్నాక కొన్ని గంటలు బాగుంటాడు. ఆ తర్వాత మళ్లీ బిగుసుకుపోతాడు. ఇవాళ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడం ఎంతకీ కాకపోతే ఆయన మీద విసుక్కున్నాను. మళ్లీ పై గుండీ నుంచి మొదలుపెట్టాడు. ఈ జబ్బుతో ముఖం కూడా కదలిక మానేస్తుంది. నా మాటకు ఎంత నొచ్చుకున్నాడో చూసి తెలుసుకునే వీలు లేదు.