ఖాళీగా ఉన్న మనిషి

ఈశ్వరి చివరిసారి చేసిన పని, మనవరాలి టిఫిన్ బాక్సు మూత నొక్కడం. మూత సరిగా బిగిసిందో లేదోనని తలకిందులు చేసి చూసింది. సంచిలో పెట్టింది. అంతలోనే వంటగట్టు పట్టుకుని కూలబడింది. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు. ఆమె రిటైరై అప్పటికి పద్నాలుగు నెలలు.

పోర్టు రోడ్డులోని ఒక బొగ్గు యార్డులో, లారీలు తూచే కాటా దగ్గర ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేసింది. టైర్లు ఎంత అణిగాయో చూసి, అంకెలు వెలగకముందే టన్నులు చెప్పేది. అలాంటి మనిషిని ఎలా సాగనంపారో తలచుకుంటే కూతురు నీలిమకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరైనవాళ్ళను పూలు కట్టిన జీపులో, డప్పులతో ఇంటిదాకా తేవడం అక్కడి ఆనవాయితీ. ముందు సీట్లో, మెడలో దండతో కూర్చున్నది నాన్న గురునాథరావు. అమ్మ వెనక సీట్లో, బహుమతిగా ఇచ్చిన గోడగడియారం ఒళ్ళో పెట్టుకుని.

గాజువాక వీధిలో ఎవరో అడిగారు: "రిటైరైపోనావా బావా?"

ఆయన కాదనలేదు. చేతులు జోడించాడు. ఇంటికొచ్చాక, "ఇకనుంచైనా మాకు వేడి కూడు దొరుకుద్ది" అన్నాడు. వచ్చినవాళ్ళంతా నవ్వారు.

ఈశ్వరి అడిగింది ఒక్కటే. "బుదారం నన్నొదిలెయ్యండి. ఆ ఒక్క రోజు ఎవులికీ వండను."

"ఏటి సేత్తావు?" అన్నాడు గురునాథరావు.

"ఏటీ సెయ్యను. అందుకే అడగతన్నాను."

"రోజంతా ఖాళీయే గదే, మళ్ళీ నీకు సెలవేటి?"

అలాంటి బుధవారం ఒక్కటీ రాలేదు. అత్తగారు నారాయణమ్మకు మోకాళ్ళ వైద్యం బుధవారమే పెట్టించారు, ఈశ్వరి ఉంటుంది కదా అని. జీతం ఆగినంత మాత్రాన ఆడమనిషి ఖాళీ అయిపోతుందని ఎవరు తేల్చారో! పై వాటాలో ఉండే నీలిమ కూడా తక్కువ తినలేదు. "ఈ ఒక్క బుదారం పాపని సూడమ్మా, బ్యాంకులో ఆడిట్" అని ఎన్నిసార్లు కిందికి దించి వెళ్ళిందో.

పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర నాన్న ఎవరితోనో అంటున్నాడు: "ఆఖరి ఏడాదైనా సుఖపడింది. ఇంటిపట్టున కూకుంది." చేతిలోని నీళ్ళ జగ్గు నేలకేసి కొట్టాలనిపించింది నీలిమకు. అమ్మతో కాటా దగ్గర పనిచేసిన నాగశ్రీ ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళింది.

"మీయమ్మ నాకు ఫోన్లు సేసేదమ్మా. ఎవులైనా సెలవెడితే బదులుకి నన్ను పిలవ్వే, డబ్బులొద్దు అనేది."

"ఎందుకు పిన్నీ?"

"డ్యూటీలో అయితే టీ తాగడానికి పావుగంట ఇత్తారు గదా అంది."