నిండని డబ్బా

మా పెద్దమ్మ కూర్చున్నచోటు నుంచి లేచేటప్పుడు ద్వారబంధం పట్టుకుని, ఎవరూ అడక్కముందే "ఏం లేదులే" అనేది. నడుం పీకేస్తోందని దానర్థం. ఆ మాట నాకిప్పటికీ గిట్టదు.

డెబ్భైల్లో తిరువూరులో మా ఇంటికి మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లు చీకట్లోనే బయటికి వెళ్లాలి. అందుకని పెద్దమ్మ పగలంతా గుక్కెడు నీళ్లు తాగాలన్నా భయపడేది.

ఒకసారి అసలు లేవలేకపోతే పెదనాన్న బెజవాడ తీసుకెళ్లాడు. ఎముకల్లో సున్నం తగ్గిందేమోనని డాక్టరు రక్తం తీయించాడు. ఒక పగలూ రాత్రీ వచ్చిన మూత్రమంతా పట్టి పంపమని పెద్ద డబ్బా ఇచ్చాడు. అది ఇంట్లో ఉండకూడదని నాయనమ్మ పెద్దమ్మని డబ్బాతో సహా గొడ్లసావిట్లో కూర్చోబెట్టింది. తెల్లారేసరికి పావు డబ్బా కూడా కాలేదు.

"ఇంతేనా అని డాక్టరు తిడతాడక్కా" అంటూ తోడికోడలైన మా అమ్మ డబ్బా తీసుకుని చాటుకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అది సగానికి వచ్చింది. మంచే చేశాననుకుంది పాపం.

తర్వాతి వారం పెదనాన్న బెజవాడ వెళ్లొచ్చి వసారాలో అందరి ముందూ చెప్పాడు.

"రక్తంలో ఏం తేలలేదంట. మూత్రంలో సున్నం కావలసినంత ఉందంట. ఎముకలు బాగానే ఉన్నాయన్నాడు."

"అయితే ఇంకేం, లేచి పిండి రుబ్బు" అంది నాయనమ్మ.

అమ్మ ముఖం పాలిపోయింది. డబ్బాలో ఉన్నదాంట్లో సగం తనదేనని చెప్పేద్దామని నోరు తెరిచింది. పెద్దమ్మ ఆమె వంక చూసి తల అడ్డంగా ఊపి, ద్వారబంధం పట్టుకుని మెల్లగా లేచింది.

"ఏం లేదులే" అంది, ఈసారి అమ్మతో.