దానిమ్మ కోసం చెప్పిన స్తోత్రం

నిరుడు బాపట్లలో మా పెరటి దానిమ్మకు మూడే కాయలు మిగిలాయి. మిగతావన్నీ ఒక ఉడత తినేసింది. పాత చీర కప్పితే చింపింది. కారం నీళ్ళు చల్లితే నంజుకున్నట్టు తిన్నది. చివరికి నేనే కిటికీ దగ్గర కాపలా కూర్చున్నాను.

ఆ శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో గృహ ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం ఒక కన్ను కిటికీ వైపు తెరిచే ఉంచాను. ఉడత తోకాడిస్తూ వచ్చి పెద్ద కాయ మీద కూర్చుంది. ప్రార్థన మధ్యలో దాన్ని అదిలించలేను కదా. అందుకని గట్టిగా చప్పట్లు కొట్టి, “స్తోత్రం” అని అరిచాను. మా సంఘంలో ఎవరూ అలా అరవరు. మా ఆయన ఉలిక్కిపడి, “ఏంటి, ఒంట్లో బాలేదా?” అని గొణిగారు. ఉడత మాత్రం ఉలిక్కిపడలేదు.

నేను గొంతు పెంచేకొద్దీ పాస్టరుగారికి ఉత్సాహం పెరిగింది. ఊరి కోసం, పంటల కోసం, సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళ కోసం వరసగా ప్రార్థించారు. నేను ప్రతిదానికీ చప్పట్లు కొట్టాను. ఆయన ఆమెన్ అనేసరికి కొమ్మకు తొక్క వేలాడుతోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అది చూసి పాస్టరుగారు కదిలిపోయారు. “ఇంత ఆసక్తి ఈ మధ్య ఎక్కడా చూడలేదమ్మా. వచ్చే శుక్రవారం కూడా మీ ఇంట్లోనే పెట్టుకుందాం,” అన్నారు.

కాదనలేక తలూపాను. చెట్టుకు ఇంకా రెండు కాయలున్నాయి.